తిట్టుకో రేకు

రండర్రా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ ఫ్యాను కాస్త తగ్గించండి, నా గొంతు ఇదివరకటిలా లేదు. ఇవాళ ఒక చేతి కథ చెబుతాను. ఆ చేతికి ఇద్దరు యజమానురాళ్ళు. ఒకరి పేరు చెబితే ఇంకొకరికి ఒళ్ళు మండిపోయేది. మధ్యలో కదలకండి, కథ తెగిపోతుంది.

ఆత్రేయపురం దాటి, గోదావరి గట్టు దిగితే ఒక లంక ఊరు. ఆ ఊళ్ళో పల్లాలమ్మ, సీతారత్నం అని తోటికోడళ్ళు ఉండేవాళ్ళు. సీతారత్నం పెద్దకోడలు, పల్లాలమ్మ చిన్నకోడలు. ఇద్దరి మొగుళ్ళూ ఎప్పుడో పోయారు. ఇల్లు రెండుగా పంచుకున్నప్పుడు పెరట్లో నడుమెత్తు గోడ లేచింది. గోడకి ఇవతల పల్లాలమ్మ పొయ్యి, అవతల సీతారత్నం పొయ్యి. రెండు పొయ్యిల మీదా బోర్లించిన కుండలు. ఇద్దరి పనీ ఒకటే, పూతరేకులు తియ్యడం. ఇద్దరికీ నేర్పింది కూడా ఒక్కతే, వాళ్ళ అత్తగారు.

మీరు పూతరేకు తినడమే గాని తియ్యడం చూసి ఉండరు. నానబెట్టిన బియ్యాన్ని గంధంలా రుబ్బి, పాలకన్నా పల్చగా కలుపుతారు. కొబ్బరాకుల మంట మీద కుండ కాగుతూ ఉంటుంది. పల్చటి గుడ్డని ఆ పిండినీళ్ళలో ముంచి, రెండు చేతులా అంచులు పట్టుకుని, కుండ మీద ఒక్క లాగు లాగాలి. గుడ్డ ఇవతలికి వచ్చేసరికి కుండ మీద ఉల్లిపొరలాంటి రేకు లేచి ఉంటుంది. చెయ్యి రవ్వంత ఆగిందా, రేకు మందమవుతుంది. రవ్వంత అదిరిందా, చిరుగుతుంది. అంతా ఆ ఒక్క లాగులోనే ఉంది.

ఇక పగ సంగతి. అత్తగారు పోతూ పోతూ తన కుండని చిన్నకోడలికి ఇమ్మంది. ఏళ్ళ తరబడి నూనె తాగి, మంట తాగి నల్లటి అద్దంలా తయారైన కుండ అది. పెద్దకర్మ కాకముందే ఆ కుండ పెరట్లో రెండు చెక్కలై కనపడింది. నువ్వు పగలగొట్టావంటే నువ్వు పగలగొట్టావని ఇద్దరూ పట్టుకున్నారు. అది మొదలు. ఆ తరవాత ముప్పై ఏళ్ళు, పొద్దున్నే పొయ్యి రాజెయ్యడం, పొయ్యితో పాటే నోరూ రాజెయ్యడం.

“ఏమే పల్లాలూ, రేకులు తీత్తన్నావా, అట్లు పోత్తన్నావా? ఆ మందం సూసి మా కోడి గుడ్డు పెట్టడం మానేసింది!”

“నీ కోడి మానేసింది నీ మొకం సూసే సీతారత్నం! పొద్దున్నే గంప ఎత్తగానే దానికి కనపడేది నీ మొకమే గదా!”

“నీ మూతి మండ!”

“నీ నోరు పడిపోను!”

ఒక తిట్టు, ఒక లాగు. ఒక తిట్టు, ఒక లాగు. ఇవతల రేకు లేస్తుంటే అవతలా రేకు లేచేది. దారిన పోయేవాళ్ళు గట్టు మీద ఆగి మరీ వినేవాళ్ళు. ఆ ఇంటి వెనక తిట్టుకో రేకు లెక్కన పడుతుందని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు.

ఆ గోడ దాటిన మనిషి ఒక్కడే, నానాజీ. సీతారత్నానికి ఒక్కగానొక్క కొడుకు. ఇద్దరూ నిప్పులు కక్కుకుంటున్న వేళ కూడా వాడు గోడ దూకి వచ్చి, “పిన్నీ, ముక్కలున్నాయా?” అని చెయ్యి చాపేవాడు. విరిగిన రేకు ముక్కల మీద నెయ్యీ పంచదారా వేసి పల్లాలమ్మ వాడి దోసిట్లో పోసేది. అటునుంచి తల్లి అరిచేది, ఇటునుంచి పిన్ని అరిచేది, మధ్యలో వాడు నములుతూ ఉండేవాడు.

వరద వచ్చిన ఏడు ఊరినంతా పడవల్లో గట్టు మీదికి చేరవేశారు. పడవ ఎక్కుతుండగా సీతారత్నం చేతిలో ఉన్న వాడి చెయ్యి జారిపోయింది. వాడు మళ్ళీ దొరకలేదు.

నీళ్ళు తీశాక కూడా చాన్నాళ్ళు రెండు పొయ్యిలూ రాజుకోలేదు. తరవాత ఒక పొద్దున అటునుంచి ఒక తిట్టు వచ్చింది, ఇటునుంచి జవాబు వెళ్ళింది, మళ్ళీ పని మొదలైంది. కాని నానాజీ పేరు మాత్రం గోడ దాటలేదు. ఇద్దరూ కూర్చుని అనుకున్నదేం కాదు. ఎంత బూతు నోటికొచ్చినా, ఆ పేరు దాకా వచ్చేసరికి ఇద్దరి నోళ్ళూ పక్కకి తిరిగిపోయేవి.

ఇలా ఉండగా పల్లాలమ్మకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మందులూ, మర్దనాలూ పడ్డాక చేతికి మెల్లగా కదలిక వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపు వణుకు మొదలైంది. చెయ్యి ఒళ్ళో పెట్టుకు కూర్చుంటే ఏమీ ఉండదు. ఏదైనా పట్టుకోబోయిందా, ఈదురుగాలికి అరటాకు కొట్టుకున్నట్టు కొట్టుకునేది. గుడ్డ పిండిలో ముంచితే సగం పిండి ఆమె మొహం మీదే పడేది.

“ఏమే, రేకులు తీత్తన్నావా, కళ్ళాపి జల్లుతున్నావా?” అంది గోడ అవతలి గొంతు.

పల్లాలమ్మ బదులు చెప్పలేదు. ముప్పై ఏళ్ళలో ఆమె బదులు చెప్పనిది ఆ రోజే.

కొడుకు త్రినాథ్ కాకినాడలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ హైమవతి అని డాక్టరమ్మ. మెదడు లోతున తీగ దించి, సన్నటి కరెంటుతో వణుకును ఆపడం ఆవిడ పని. తల కదలకుండా చట్రం బిగించి, మనిషిని మెలకువగా ఉంచే తీగ దించారు. ఆ సన్నతీగ చర్మం కిందనుంచి మెడ దిగి, భుజం కింద కుట్టిన చిన్న డబ్బీలో కలుస్తుంది. ఆ డబ్బీని ఆపాలన్నా, నడపాలన్నా చేతికో మీట ఇచ్చారు. పల్లాలమ్మ దాన్ని బొడ్లో దోపుకుంది.

“పల్లాలమ్మగారూ, రేకు తీస్తున్నట్టు ఒకసారి చెయ్యి లాగండి,” అంది డాక్టరమ్మ.

లాగింది. సగం దాకా బాగానే వచ్చింది. సగంలో చెయ్యి మళ్ళీ కొట్టుకుంది. కరెంటు పెంచారు, తగ్గించారు. ఏం చేసినా సగం దాకానే.

“మామూలు వణుకైతే ఈపాటికి లొంగేది. మీకు పక్షవాతంలో ఆ చేతికి లయ తప్పకుండా తాళం వేసే చోటే దెబ్బతింది,” అంది డాక్టరమ్మ. “ఇంట్లో పాలు తోడు పెట్టాలి, పెరుగు లేదు. ఏం చేస్తారు?” అని అడిగింది.

“పక్కింటినించి సెంచాడు తెచ్చుకుంటాం. అదేం పెశ్న?”

“మేం కొత్తగా చేస్తున్నదీ అదే. నిలకడగా పని చేసే ఇంకొకరి చేతికి ఒక కడియం తొడుగుతాం. ఆ చేతిలోని తాళాన్ని కడియం పట్టుకుని మీ డబ్బీకి పంపుతుంది. డబ్బీ దాన్ని మీ మెదడుకి తోడు వేస్తుంది. వాళ్ళు ఎంత దూరాన ఉన్నా ఫోను మాట వచ్చినట్టు వచ్చేస్తుంది.”

ముందు అక్కడి ఇంజనీరు ఫరూక్ కడియం తొడుక్కున్నాడు. పల్లాలమ్మ చెయ్యి వణకలేదు గాని గుంజలా బిగుసుకుపోయింది. త్రినాథ్ తొడుక్కుంటే భుజం దాకా బిగుసుకుంది.

“వీళ్ళ చేతులకి మీ పని తెలీదు. మీతో పాటు, మీ గురువు దగ్గరే ఈ పని నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?” అంది డాక్టరమ్మ.

“ఎవరూ లేరు. సచ్చిపోయారు,” అంది పల్లాలమ్మ.

“అమ్మా!” అన్నాడు త్రినాథ్.

“నా మటుకు నాకు సచ్చిపోయిందిరా. ఎల్లిపోదాం పద.”

ఇంటికొచ్చేశారు. కోడలు అరుణ చెంచాతో అన్నం పెడుతుంటే పల్లాలమ్మ కళ్ళు మూసుకుని మింగేది. ఒక మధ్యాహ్నం కోడలు ఊరెళ్ళింది. నా అన్నం నేను తింటానని పల్లాలమ్మ పెరటి అరుగు మీద కంచం పెట్టుకుంది. మొదటి ముద్ద నోటి దాకా వెళ్ళలేదు. రెండోసారి కంచమే ఎగిరిపడింది. మెతుకులు నేల మీద పరుచుకున్నాయో లేదో, సీతారత్నం కోళ్ళు గోడ ఎక్కి దూకి, ఆమె కాళ్ళ దగ్గరే ఆ అన్నం పొడుచుకు తిన్నాయి.

“తినండమ్మా తినండి! ఇవాళ మీకు పిన్నిగారింట ఇందు బోజనం!” అంది అవతలి గొంతు.

సాయంత్రం కొడుకు రాగానే పల్లాలమ్మ ఒక్కటే మాట అంది. “పిలవరా దాన్ని.”

సీతారత్నం వస్తుందని ఎవరూ అనుకోలేదు. కాని అడగ్గానే చీర మార్చుకుని బయలుదేరింది.

“నాదేం పోతాది? కడియమే గదా,” అంది కారులో కూర్చుంటూ. “ఇది రేకు తీసినప్పుడల్లా ఊరు ఊరంతా అనుకోవాలి, ఆ సెయ్యి సీతారత్నానిదని. ఇది సచ్చేదాకా నా సెయ్యి అరువు తెచ్చుకుని బతకాలి. అది నేను కళ్ళారా సూడాలి.”

“సూసుకో, కళ్ళు పేలిపోతాయి,” అంది ముందు సీట్లోంచి పల్లాలమ్మ.

ఆసుపత్రిలో ఏం చేశారో వినండి. చదువుకున్నవాళ్ళు గదా, మనసు నెమ్మదిగా ఉంటే చెయ్యి నిలకడగా ఉంటుందని వాళ్ళ లెక్క. వీళ్ళిద్దరూ కూడా అది నిజమే అనుకున్నారు. పల్చటి వెలుగున్న గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టారు. వీణ పాట పెట్టారు. కోపం వచ్చే మాట ఒక్కటీ అనకూడదన్నారు.

“సీతారత్నం అక్కా, బావున్నావా?” అంది పల్లాలమ్మ, పళ్ళ మధ్యనుంచి.

“బావున్నానమ్మా పల్లాలూ. నువ్వూ?”

“నీ దయవల్ల.”

బల్ల మీద మజ్జిగ గ్లాసు పట్టుకోబోతే పల్లాలమ్మ చెయ్యి ఇదివరకటికన్నా ఎక్కువ కొట్టుకుంది. పాట మార్చారు. గది మార్చారు. ఒకరి చెయ్యి ఒకరి చేతిలో పెట్టి కూర్చోబెట్టారు. ఇద్దరి మొహాలూ ఆముదం తాగినట్టున్నాయి. రోజులు గడిచాయి గాని, గ్లాసు పెదవి దాకా వెళ్ళింది లేదు. చివరికి డాక్టరమ్మ కడియం తీసెయ్యమంది. “ఇక ప్రయోజనం లేదమ్మా. రేపు ఇంటికి వెళ్ళిపోండి.”

సీతారత్నం కడియం సీల తిప్పుతూ పైకే గొణుక్కుంది. “అత్తగారికి బుద్ధి లేక కుండ ఇచ్చింది దీని సేతికి. అప్పుడే తెలుసు నాకు, ఈ సెయ్యి దేనికీ పనికిరాదని.”

పల్లాలమ్మ లేచి నిలబడింది.

“కుండ మాట ఎత్తావా? ముదనష్టపుదానా, కుండ మాట ఎత్తావా నువ్వు? పగలగొట్టి పెంకులు నా పొయ్యి పక్కన పడేసింది ఎవత్తి?”

“నువ్వే! పట్టుకోడం సేతకాక జారిడిసి నా మీదకి తోశావు, నంగనాచి!”

“నీ జిమ్మడిపోను! నీ నోట్లో దుమ్ము కొట్ట!”

డాక్టరమ్మ అడ్డం పడబోయింది. తెర చూస్తున్న ఫరూక్ గట్టిగా అరిచాడు. “ఆపకండి మేడమ్! ఆవిడ చెయ్యి చూడండి!”

పల్లాలమ్మ కుడిచెయ్యి ఎత్తి సీతారత్నం మొహం వైపు వేలు చూపిస్తోంది. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. వేలి కొస కూడా అదరడం లేదు.

అందరికన్నా ఆలస్యంగా ఆ సంగతి పల్లాలమ్మకే తెలిసింది. వేలి వంక చూసుకుంది. తిట్టడం ఆపకుండానే డాక్టరమ్మ చేతిలోని రుమాలు లాక్కుని మజ్జిగలో ముంచింది. పక్కనున్న స్టీలు గిన్నె బోర్లించి, ఒక్క లాగు లాగింది. గిన్నె మీద మజ్జిగ పొర అద్దినట్టు పరుచుకుంది.

తెర మీది గీతలు చూపించి ఫరూక్ చెప్పాడు. ఊరుకుని కూర్చుంటే సీతారత్నం చెయ్యి దిక్కులు చూస్తుందట. తిట్టు అందుకుందా, తాళం పడుతుందట. ముప్పై ఏళ్ళుగా ఆ రెండు చేతులూ పని చేసింది తిట్ల మీదే గదా మరి.

“అంటే నేనూ ఇదీ బతికున్నన్నాళ్ళూ ఇలా ఏడవాల్సిందేనా?” అంది పల్లాలమ్మ.

“కొత్తగా ఏడుత్తన్నట్టు!” అంది సీతారత్నం.

ఊరికొచ్చారు. మళ్ళీ రెండు పొయ్యిలూ రాజుకున్నాయి. పల్లాలమ్మ గుడ్డ ముంచేది, అవతల కడియం చెయ్యీ ముంచేది. ఒక తిట్టు, ఒక లాగు. రేకులు లేచాయి. అన్నం వేళకి గోడ దగ్గరికి వెళ్ళి ఒక మాట అంటించి వచ్చి, తన చేత్తో తను తినేది. ఊరంతా వచ్చి చూసి వెళ్ళింది. సీతారత్నం ముంజేతి కడియాన్ని కొంగుతో తుడిచి మరీ అందరికీ చూపించేది.

కొన్నాళ్ళకి ఆవిడకి ఒక సంగతి తట్టింది. పల్లాలమ్మని కొట్టాలంటే ఇప్పుడు తిట్టక్కర్లేదు. ఊరుకుంటే చాలు.

ఇక చూడండి. పల్లాలమ్మ గుడ్డ ముంచగానే అవతల నోరు మూసుకునేది. ఇవతల చెయ్యి కొట్టుకునేది. “ఏమే, నోట్లో ఏం పెట్టుకున్నావే?” అని పల్లాలమ్మ అరిస్తే, ఆవిడ గోడ మీద మోచేతులాన్చి, వక్కలు నములుతూ నవ్వేది. ఆ నవ్వుకి రేకు చిరిగిపోయేది. పల్లాలమ్మ వెతికి వెతికి తిట్టేది, ఆవిడకి కోపం వచ్చేదాకా తిట్టేది. కాని మందులా వేళకింత వేసుకుంటుంటే తిట్టులో కారం ఎన్నాళ్ళుంటుంది చెప్పండి? కుండ మాట అరిగిపోయింది. పుట్టింటి మాట అరిగిపోయింది. నిన్న పనిచేసింది ఇవాళ పనిచెయ్యడం మానేసింది. పల్లాలమ్మకి రోజూ ఇంకాస్త పదునైనది కావాల్సి వచ్చేది. పక్క మీద పడుకున్నా, ఆవిడని ఎక్కడ పొడిస్తే లేస్తుందా అనే ఆలోచనే.

అలాంటి రోజుల్లో ఊరి పెద్దింట్లో పెళ్ళి వచ్చింది. పూతరేకుల గంపలు రెండిళ్ళకీ చెరి సగం పురమాయించారు. నా సగం నేనే తీస్తానని పల్లాలమ్మ అందరిలో మాట ఇచ్చి వచ్చింది. మాట తప్పితే ఆ గంపలు కూడా గోడ అవతలికే వెళతాయి.

ఆ పొద్దున పొయ్యి రాజేసి, గుడ్డ ముంచి, “ఏమే సీతారత్నం, సచ్చావా?” అని పిలిచింది.

“బతికే ఉన్నాను. నీ రేకులు పెళ్ళివారికి జల్లెళ్ళగా పనికొత్తాయిలే, తియ్యి,” అని, సీతారత్నం ఇక నోరు మూసుకుంది.

పల్లాలమ్మ తిట్టింది. నోటికొచ్చినవన్నీ తిట్టింది. అవతలనుంచి వక్క నమిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. పిండి కుండ చుట్టూ చిందింది. చిరిగిన రేకులు పొయ్యిలో పడి భగ్గుమన్నాయి. పెళ్ళింటివాళ్ళు గంపలతో వచ్చి పెరట్లో నిలబడ్డారు. వాళ్ళ ముందు సీతారత్నం కడియం చెయ్యి గోడ మీద పెట్టి, తీరిగ్గా గాల్లో ఒక లాగు లాగి చూపించింది.

అప్పుడు వచ్చేసింది పల్లాలమ్మ నోట్లోంచి.

“అంత నిలకడైన సెయ్యే అయితే, పడవ దగ్గిర నానాజీ సెయ్యి ఎలా జారిపోయిందే?”

గోడ అవతల వక్క నమిలే చప్పుడు ఆగిపోయింది.

పల్లాలమ్మ చేతిలో గుడ్డ నిలిచిపోయింది. ఆమె లాగలేదు, దానంతట అదే లాగినట్టయింది. రేకు లేచింది. అలాంటి రేకు పుట్టి బుద్ధెరిగాక ఆమె తియ్యలేదు, అత్తగారూ తియ్యలేదు. అవతలి వెలుగు ఇవతలికి కనపడుతోంది. పెళ్ళింటివాళ్ళు అబ్బా అన్నారు. ఇంకొకటి లేచింది, ఇంకొకటి. మధ్యాహ్నానికి గంపలు నిండిపోయాయి. అవతలినుంచి ఒక్క మాట రాలేదు. అయినా చెయ్యి అదరలేదు.

మర్నాడూ అదరలేదు. ఆ మర్నాడూ అదరలేదు. సీతారత్నం పొయ్యిలోంచి పొగ లేవడం లేదు.

కాకినాడనుంచి డాక్టరమ్మ ఫోను చేసింది. కడియం పంపే గీతలు వాళ్ళ తెర మీదా కనపడతాయి గదా. గొంతులో పండగలా ఉంది.

“పల్లాలమ్మగారూ, ఏం చేశారు మీరు? ఇంత నిలకడైన తాళం మేం ఎక్కడా చూడలేదు! నిద్రలో కూడా తగ్గడం లేదు. దీన్ని ఇలాగే పట్టి మీ డబ్బీలో శాశ్వతంగా దాచేస్తాం. ఇక కడియం అక్కర్లేదు, ఆవిడా అక్కర్లేదు. మీ చెయ్యి ఎప్పటికీ ఇలాగే ఉంటుంది.”

త్రినాథ్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. “అమ్మా, ఇంక ఆవిడ మొహం చూసే పని లేదే!”

పల్లాలమ్మ కంచం ముందు కూర్చుంది. పప్పూ అన్నం కలిపింది. ముద్ద తిన్నగా నోటికొచ్చింది, ఒక్క మెతుకు రాలలేదు. ఇదే గదా ఆమె కోరుకుంది! కాని ముద్ద గొంతు దిగలేదు. చేతి వంక చూసుకుంది. రాతి చెయ్యిలా ఉంది. ఇక్కడ ఇది ఇంత కదలకుండా ఉందంటే, అక్కడ సీతారత్నం లోపల ఎంత మండుతోందో! కూర్చున్నా మండుతోంది, పడుకున్నా మండుతోంది, ఆ మంట తగ్గలేదని తన చెయ్యే తనకి చెబుతోంది. ముద్ద కంచంలో వదిలేసి లేచింది.

ఆమె గోడ చుట్టూ తిరిగి అవతలి పెరట్లోకి వెళ్ళింది. నానాజీ పోయిన నాడు వెళ్ళిందే, మళ్ళీ ఇదే. చల్లారిన పొయ్యి ముందు సీతారత్నం కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. చేతికి కడియం ఉంది.

“తియ్యవే అది,” అంది పల్లాలమ్మ.

“తియ్యను.”

“రాకూడని మాట వచ్చేసిందే నా నోటినించి.”

“వచ్చింది. ఇంకేం ఇనక్కర్లేదు నేను.” సీతారత్నం తల ఎత్తలేదు. “డాట్రమ్మ నాకూ పోను సేసింది. నీ తలలో దాసేత్తారంటగా? దాయించుకో. పొద్దస్తమానం నాలో తిరిగేది నీలోనూ తిరగాల. నువ్వు ముద్ద ఎత్తినప్పుడల్లా తిరగాల. రేకు తీసినప్పుడల్లా తిరగాల. నీ సెయ్యి వణక్కుండా ఉన్నన్నాళ్ళూ నువ్వన్న మాట నీకు గుర్తుండాల. అందుకే తియ్యను.”

పల్లాలమ్మ బొడ్లోంచి మీట తీసింది. ఆవిడ కళ్ళ ముందే నొక్కింది.

కాసేపు ఏమీ కాలేదు. తరవాత చిటికెన వేలు అదిరింది. అరచెయ్యి అదిరింది. ముంజెయ్యి కొట్టుకోవడం మొదలెట్టింది. చేతిలోని మీట జారి పొయ్యి గడ్డ మీద పడి దొర్లింది. పల్లాలమ్మ ఆ చేతిని రెండో చేత్తో పట్టుకోలేదు. అలా వదిలేసి నిలబడింది.

సీతారత్నం ఆ వణుకు వంక చాలాసేపు చూసింది. కడియం సీల తిప్పి ఊడదీసి, గోడ మీదుగా విసిరికొట్టింది. అది పల్లాలమ్మ పిండిబానలో బుడుంగుమని పడింది.

“నీ మీట తీసుకుని ఎల్లు,” అంది. “ఇంకోసారి నా గుమ్మం తొక్కితే కాళ్ళు ఇరుగుతాయి.”

డాక్టరమ్మ ఊరుకోలేదు. కారు వేసుకుని స్వయంగా వచ్చింది. ఆ మూడు రోజుల గీతలూ తన దగ్గరున్నాయని, ఒప్పుకుంటే చాలని బతిమాలింది. వినకపోయేసరికి కోప్పడింది. “మీ ఒక్కరి సంగతి కాదమ్మా. గ్లాసెత్తి నీళ్ళు తాగలేనివాళ్ళు మా వార్డు నిండా ఉన్నారు. ఈ తాళం వాళ్ళకీ పనికిరావచ్చు. వద్దనడానికి మీరెవరు?”

“నేనెవత్తినీ కాదు,” అంది పల్లాలమ్మ. “అది నాది కాదు గనకే ఇయ్యలేను. డాట్రమ్మా, మీరు తాళం తాళం అంటన్నారు. అది ఒక తల్లి ఏడుపు. ఏడిపించింది నేను. దాన్ని సీసాలో పోసి తలకింత తోడేత్తారా? ఆ నీళ్ళు తాగేవోళ్ళకి గొంతు దిగుద్దా? నాకు దిగలేదు. కావాలంటే గోడవతల అడగండి.”

డాక్టరమ్మ గోడ అవతలికి వెళ్ళింది. ఎంత వేగంగా వెళ్ళిందో అంత వేగంగా తిరిగొచ్చింది. చీర అంచున బూడిద ఉంది. ఏం జరిగిందో ఆవిడా చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆ గీతలన్నీ చెరిపేశామని తరవాత ఫరూక్ త్రినాథ్‌కి ఫోను చేసి చెప్పాడు.

వానాకాలం వచ్చింది, పోయింది. పల్లాలమ్మ వణికే చేత్తోనే రోజూ పొయ్యి రాజేసేది. తీసిన ప్రతి రేకూ చిరిగేది. కోడలు అన్నం పెట్టబోతే చెంచా తీసుకుని పక్కన పెట్టి, సగం ఒలకబోసుకుంటూ తనే తినేది. ఒలికింది తినడానికి కోళ్ళు మాత్రం గోడ దూకి వస్తూనే ఉన్నాయి. గోడ అవతల పొయ్యి కూడా మళ్ళీ వెలిగింది. గుడ్డ ముంచిన చప్పుడు, ఆకుల చిటపటలు, అంతే. మాట లేదు. ఆ నిశ్శబ్దంలో పని చెయ్యడం పల్లాలమ్మకి వణుకుకన్నా కష్టమైంది. తిట్టడానికి ఆమెకి మొహం లేదు.

ఒక పొద్దున ఆమె గుడ్డ ముంచి ఎత్తింది. చెయ్యి కొట్టుకుంది. పిండి చింది గోడ మీదుగా అవతల పడింది.

అవతల గుడ్డ ముంచే చప్పుడు ఆగింది.

“ఏమే పల్లాలూ!” అంది గోడ అవతలి గొంతు. బొంగురుపోయి ఉంది. “రేకులు తీత్తన్నావా, కోళ్ళని అదిలిత్తన్నావా?”

పల్లాలమ్మ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. ఆ చెయ్యి ఇంకా ఎక్కువ వణికింది. కళ్ళు తుడుచుకోబోతే పిండి మొహమంతా అయింది. ఆమె ఊపిరి గట్టిగా పీల్చుకుని, ఉన్న బలమంతా గొంతులోకి తెచ్చుకుంది.

“నీ మొకానికి ముసుగు నేత్తన్నానే సీతారత్నం! ఊరోళ్ళు జడుసుకుంటన్నారు!”

“నీ మూతి మండ!”

“నీ నోరు పడిపోను!”

అవతల రేకు లేచింది. ఇవతల రేకు లేస్తూనే చిరిగింది. పల్లాలమ్మ దాన్ని పారెయ్యలేదు. చిరుగు మీద చిరుగు వేసి, నెయ్యి రాసి, పంచదార చల్లి, మడత పెట్టి గోడ మీద పెట్టింది. కాసేపటికి చూస్తే అక్కడ లేదు. కోడి తిందో, ఎవరు తిన్నారో ఆమె తొంగి చూడలేదు.

ఇదర్రా కథ. గుర్తుంచుకోండి, రేపు మీ పిల్లలకి చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం ఆ ఇద్దరూ కావలించుకుని ఒక్కటైపోయారని తీపి కలపకండి. గోడ గోడలాగే ఉంది, కుండ ఎవరు పగలగొట్టారో ఇప్పటికీ తేలలేదు. కడుపారా తిట్టుకున్నారనే చెప్పండి. నానాజీ పేరు మళ్ళీ గోడ దాటలేదని కూడా మరిచిపోకుండా చెప్పండి. వణికే చేత్తో తీసిన రేకు ఎలా ఉంటుందని వాళ్ళడిగితే, కొరకగానే చిరుగుల్లోంచి పంచదార ఒళ్ళోకి కారుతుందని చెప్పండి.